చెరువులలో ఫ్లై గాలము: తగిన దారమును ఎంచుకొనుట

వ్యవసాయాధికారి, బి.యస్సి. (వ్యవసాయం), సంతోష్‌నగర్, హైదరాబాదు

గాలముతో చేపలు పట్టుట మన గ్రామములకు కొత్త విద్య కాదు. వెదురు కర్ర, దారము, బెండు, ముల్లు, గుప్పెడు వానపాములు ఉన్నచో పని నడచును. అయితే ఇప్పుడు పట్టణముల నుండి చెరువుల కడకు మరియొక విధమైన గాలము వచ్చుచున్నది. దానినే ఫ్లై గాలము అందురు. ఇందులో వానపాము ఉండదు, బెండు ఉండదు, సీసపు గుండు ఉండదు. ఈకలతోను, దారములతోను ముల్లుకు చుట్టి చేసిన పురుగు బొమ్మయే ఎర. మన రైతుబిడ్డలలో కొందరు దీనిపై మక్కువతో సామాగ్రి కొనుచున్నారు. పంట కుంటలు గల రైతులు, చెరువులు గల మత్స్య సహకార సంఘములు కూడ ఇట్టి వారిని రానిచ్చుటయా, మానుటయా అని ఆలోచించవలసి వచ్చుచున్నది.

సామాగ్రి కొనువారు సాధారణముగా కర్రమీదను, రీలుమీదను ధనము వెచ్చించి, దారము మాత్రము దొరికినది కొందురు. ఇది తలక్రిందుల పద్ధతి. ఫ్లై గాలమునకు ప్రాణము దారమే. తగని దారము కొన్నచో ఎర పది అడుగులైనను ముందుకు పోదు. పోయినను చేప లేని లోతున తిరుగును. ఒకవేళ చేప పట్టుబడినను దారము తెగరాని చోట తెగి, ముల్లును, బారెడు దారమును చేప మోసికొని పోవును. ఆ చేప సంఘమువారి సొత్తు. ఆ దారము చెరువునకు చేటు. కావున దారమును ఎట్లు ఎంచుకొనవలెనో ఈ వ్యాసమున వివరింతుము.

మామూలు గాలమునకు, ఫ్లై గాలమునకు గల భేదము

జొన్నచేలలో మంచె మీద నిలిచి వడిసెలతో రాయి విసరుట మీరెరుగుదురు. రాయికి బరువున్నది గనుక అది ముందు పోవును. మామూలు గాలము ఇట్టిదే. సీసపు గుండు ముందు పోవును, సన్నని దారము దాని వెంట పోవును. అదే వడిసెలలో కోడి ఈకను పెట్టి విసరుడు. అది మీ కాళ్ళ దగ్గరనే పడును.

ఇక చెర్నాకోలను చూడుడు. దాని కొసన ఏ బరువును లేదు. పిడి దగ్గర లావుగను, కొసకు పోను పోను సన్నముగను ఉండును. చేతి ఊపు లావు భాగమునుండి సన్న భాగమునకు ప్రాకి కొస వరకు చేరును. ఫ్లై గాలము పనిచేయు విధము ఇదియే. ఎరకు బరువు లేదు. బరువంతయు దారములోనే ఉన్నది. దారమును విసరుదుము, ఎర దాని వెంట పోవును. అందుచేత ఈ దారమును తయారుచేయునప్పుడు ఇంత బరువు, ఇంత లావు, ఇంత వాలు అని కొలిచి తయారుచేయుదురు. దీనికే ఫ్లై లైను అని పేరు.

రీలు నుండి ఎర వరకు నాలుగు భాగములుండును. మొదట రీలుకు చుట్టిన వెనుక దారము. చేప దూరముగా పరుగెత్తినప్పుడు ఇది అక్కరకు వచ్చును. తరువాత సుమారు 90 అడుగుల ఫ్లై లైను. దాని కొసకు 6 నుండి 9 అడుగుల మొన దారము. ఇది సన్నని నైలాను. దాని చివర ముల్లు కట్టు రెండడుగుల కొస దారము. ఈ నాలుగింటిలో డబ్బు ఎక్కువ పట్టునది ఫ్లై లైనే. దానిని కొనునప్పుడు నాలుగు సంగతులు వరుసగా చూచుకొనవలెను.

మొదటి సంగతి: బరువు

పూర్వము ఈ లైనులను పట్టుతో పేనెడివారు. లావును బట్టి ఆంగ్ల అక్షరములతో గుర్తించెడివారు. అన్నియు పట్టుతో చేసినవే గనుక ఒకే లావు గల లైనులు ఇంచుమించు ఒకే బరువు తూగెడివి. నైలాను, ప్లాస్టిక్ పూతలు వచ్చిన తరువాత ఈ లెక్క చెడినది. ఒకే లావు గల రెండు లైనులలో ఒకటి తేలిక, మరియొకటి బరువు కాజొచ్చినవి. కావున అమెరికా దేశపు గాలపు సామాగ్రి తయారీదారుల సంఘము 1961లో లావును వదలి బరువునే ప్రమాణముగా చేసినది. లైను యొక్క మొదటి 30 అడుగులను తూచి, ఆ బరువును బట్టి నంబరు ఇచ్చుట నాటినుండి ఆచారమైనది. తూకము గ్రెయిన్లలో చెప్పుదురు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు.

మన నీళ్ళకు పనికివచ్చు నంబర్లు ఇవి:

4వ నంబరు: 120 గ్రెయిన్లు, సుమారు 7.8 గ్రాములు
5వ నంబరు: 140 గ్రెయిన్లు, సుమారు 9.1 గ్రాములు
6వ నంబరు: 160 గ్రెయిన్లు, సుమారు 10.4 గ్రాములు
7వ నంబరు: 185 గ్రెయిన్లు, సుమారు 12 గ్రాములు
8వ నంబరు: 210 గ్రెయిన్లు, సుమారు 13.6 గ్రాములు

పాత తులము 180 గ్రెయిన్లు గనుక, 7వ నంబరు లైను 30 అడుగులు ఒక తులమునకు కొంచెము హెచ్చు తూగునని జ్ఞాపకముంచుకొనవచ్చును.

గాలపు కర్ర పిడికి పైన ఇట్టి నంబరే వ్రాసియుండును. కర్ర మీది నంబరును, లైను మీది నంబరును కలియవలెను. కాడికి తగిన ఎద్దులను కట్టుట వంటిదే ఇది. లైను మరీ తేలికైనచో కర్ర వంగదు. వంగని కర్ర విసరదు. మరీ బరువైనచో కర్ర కూలబడి లైను నీటిమీద కుప్పగా పడును.

ఇందులో ఒక చిన్న కిటుకు కలదు. పైని తూకము 30 అడుగులకు చెప్పినది. చిన్న కుంటలలో 20 అడుగులకు మించి విసరు పని ఉండదు. అప్పుడు కర్రకు పూర్తి బరువు అందదు. అట్టి చోట కర్ర నంబరు కంటె ఒక నంబరు హెచ్చు లైను వేసినచో సుళువుగా పోవును. 5వ నంబరు కర్రకు 6వ నంబరు లైను అన్నమాట. అంతకు మించి పోరాదు.

రెండవ సంగతి: తేలునదా, మునుగునదా

ఎంపికలో ముఖ్యమైన ఘట్టమిదియే. చేప ఏ నీటి పొరలో మేయునో ఎర ఆ పొరలో నడువవలెను. చేపల పెంపకము చేయు రైతులకు ఈ పాఠము తెలిసినదే. బొచ్చె పై పొరలోను, రోహు నడిమి పొరలోను, మృగాల అడుగునను మేయును గనుకనే మూడింటిని ఒకే చెరువులో కలిపి పెంచుచున్నాము. ఈ జ్ఞానమునే గాలమునకు కూడ వర్తింపజేయుడు.

లైనులు ముఖ్యముగా మూడు రకములు. తేలు లైను పూతలో గాలి నిండిన అతి సన్నని గాజు బుడగలు కలిపియుందురు. అది నీటికంటె తేలిక గనుక పైననే ఉండును. మునుగు లైను పూతలో టంగ్‌స్టన్ లోహపు పొడి కలుపుదురు, అది దిగిపోవును. మూడవది తేలుచు, కొస 10 లేక 15 అడుగులు మాత్రము మునుగు లైను.

మునుగు లైను పెట్టెమీద అది సెకనుకు ఎన్ని అంగుళములు దిగునో ముద్రించియుందురు. దీనితో లోతును లెక్కకట్టవచ్చును. సెకనుకు 3 అంగుళములు దిగు లైనుతో 4 అడుగుల లోతునకు ఎర చేరవలెనన్న, 48 అంగుళములను 3 చేత భాగించగా 16 సెకనులు వచ్చును. లైను నీట పడిన తోడనే 16 వరకు లెక్కించి, అటుపై మెల్లగా లాగవలెను. ఆ లోతున చేప తగలనిచో ఇంకొకమారు 20 వరకు లెక్కించి చూడవలెను.

అట్లని అందరును మునుగు లైను కొనవలసిన పని లేదు. మన ఊరి చెరువులలో గట్టునకు దూరముగా చాల భాగము లోతు తక్కువ. తుంగ, నాచు, గుర్రపుడెక్క హెచ్చు. మునుగు లైను వీటిలో చిక్కుకొనును. అట్టి చెరువులలో తేలు లైనే మేలు. ఎర కొంచెము లోతునకు పోవలసినచో మొన దారమును పొడుగుగా కట్టి, ముల్లు మెడకు కొద్ది తీగ చుట్టిన ఎరను వాడిన చాలును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద పూడిక తీసిన చెరువులలో గట్టు దాపున లోతైన గోతులు ఏర్పడినవి. ఎండకాలమున చేపలు ఆ గోతులలో చేరును. అక్కడ కొస మునుగు లైను పనికివచ్చును. పూర్తిగా మునుగు లైను నాగార్జునసాగరము, నిజాంసాగరము వంటి పెద్ద జలాశయములలోనే అక్కరపడును.

కావున మొదటి లైను కొనువారు తేలు లైనునే కొనుడు. రెండవది కొను అవసరము కలదో లేదో మీ చెరువే చెప్పును.

మూడవ సంగతి: వాలు

లైను ఎక్కడ లావుగా, ఎక్కడ సన్నముగా ఉండునో దానిని వాలు అందురు. రెండు రకములు తెలిసికొనిన చాలును. మొదటిది జంట వాలు: రెండు కొసలును సన్నము, నడుమ లావు. ఇది నీటిమీద మెత్తగా వాలును. ఒక కొస అరిగినప్పుడు తిరగవేసి రెండవ కొస వాడుకొనవచ్చును గనుక పొదుపైనది. రెండవది ముందు బరువు లైను: మొదటి 30, 40 అడుగులలోనే లావు, బరువు ఉండి, వెనుక అంతయు సన్నముగా ఉండును. ఇది గాలిని చీల్చుకొని దూరము పోవును.

వానకాలమున పడమటి గాలి బలముగా వీచు మన ప్రాంతమున, చెట్టు చాటు లేని చెరువు గట్లమీద, నేర్చుకొనువారికి ముందు బరువు లైనే అనుకూలము.

పెట్టెమీది గుర్తులు చదువుట ఇక తేలిక. ‘డబ్ల్యు.ఎఫ్. – 6 – ఎఫ్.’ అని యున్నచో ముందు బరువు వాలు, 6వ నంబరు, తేలునది అని అర్థము. ‘డి.టి. – 5 – ఎఫ్.’ అనగా జంట వాలు, 5వ నంబరు, తేలునది. చివర ‘ఎస్.’ యున్నచో మునుగునది. ‘ఎఫ్/ఎస్’ యున్నచో కొస మాత్రము మునుగునది. ఈ గుర్తులు లేని లైనును ఎంత చౌకగా ఇచ్చినను కొనవద్దు.

నాల్గవ సంగతి: మన ఎండ

దుకాణదారులు చెప్పని సంగతి ఇది. ఫ్లై గాలము చల్లని ప్రదేశములలో పెరిగిన విద్య. మన దేశమునను నీలగిరులు, కాశ్మీరము, హిమాచలములందలి చల్లని ఏళ్ళలో ట్రౌటు చేపలకొరకే ఇది ప్రసిద్ధి చెందినది. ఆ నీళ్ళకు చేసిన లైనుల పూత మెత్తగా ఉండును. దానిని మన మే నెల ఎండకు తెచ్చినచో ఇంకను మెత్తబడి, జిగురుగా తయారై, కర్ర వలయములలో జారదు. వేడి దేశములకొరకు గట్టి పూతతో, గట్టి నరముతో చేసిన లైనులు వేరుగా అమ్ముదురు. పెట్టెమీద ‘ట్రాపికల్’ అని ఉండును. మనకు ఇదే తగినది. అయితే చలికాలపు ఉదయములలో ఇది బిరుసై చుట్టలు చుట్టలుగా వచ్చును. అప్పుడు బారలు బారలుగా తీసి చేతులతో మెల్లగా సాగదీసి వాడవలెను.

మొన దారము: తెగవలసిన చోటనే తెగవలెను

నాగలికి, మోకుకు ఉన్న నీతియే దీనికిని కలదు. ఏదో ఒకటి తెగక తప్పనప్పుడు తక్కువ నష్టము కలుగు చోట తెగవలెను. అనగా ముల్లు దగ్గరి కొస దారము అన్నింటికంటె బలహీనముగా ఉండవలెను. వెనుక దారము, ఫ్లై లైను, మొన దారము దానికంటె బలముగా ఉండవలెను. ఇట్లు చేసినచో తెగినను రెండడుగుల దారమే పోవును. చేప తెగిపోవునను భయముతో ఫ్లై లైను కంటె బలమైన కొస దారము కట్టువారు కలరు. అప్పుడు లైనే మధ్యలో తెగి, బారల కొలది ప్లాస్టిక్ చెరువులో మిగులును. కొంగల కాళ్ళకు, నీళ్ళు త్రాగవచ్చు పశువుల నోళ్ళకు అది ఉరి యగును. నైలాను కుళ్ళిపోవునది కాదు.

మరీ సన్నని కొస దారమును మంచిది కాదు. చేపను గట్టునకు తెచ్చుటకు చాల సేపు పట్టి అది అలసిపోవును; వదలిపెట్టినను బ్రతుకదు. చిన్న చేపలకు 0.20 మిల్లీమీటర్ల లావును, బంగారుతీగకు 0.30 మిల్లీమీటర్ల లావును సరిపోవును. కొర్రమీనుకు వాడి పండ్లుండును, అది తుంగలో దూరును, దానికి 0.40 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ముడి వేయునప్పుడు ఉమ్మితో తడిపి మెల్లగా బిగించవలెను. పొడిగా బిగించిన నైలాను రాపిడి వేడికి బలము కోల్పోవును. తేలు లైనుకు 9 అడుగుల మొన దారము కట్టుడు. మునుగు లైనుకు 3, 4 అడుగులు చాలును; పొడుగైనచో లైను దిగినను ఎర పైననే ఉండిపోవును.

ఏ చేపకు ఏ లైను?

పరిగెలు, చిన్న తిలాపియా: 4 లేక 5వ నంబరు, తేలునది. మొదట నేర్చుకొనుటకు ఇవియే మంచివి.

బంగారుతీగ: 6 లేక 7వ నంబరు. లోతు తక్కువ చోట తేలునది. గోతులలో కొస మునుగునది. ఈ చేప అడుగు బురదను త్రవ్వి మేయును.

కొర్రమీను: 8వ నంబరు, ముందు బరువు, తేలునది. కప్ప వంటి పెద్ద ఎరను గాలికి ఎదురు విసరుటకును, చేపను తుంగలో దూరనీయకుండ ఆపుటకును ఈ బరువు కావలెను.

వాలుగ: 8వ నంబరు, కొస మునుగునది. దీని నోటిలోను పదునైన పండ్లు కలవు.

బొచ్చె: ఇది నీటిలోని కంటికానని సూక్ష్మజీవులను వడకట్టి తినును. పురుగు బొమ్మను పట్టుట అరుదు. దీనికొరకు లైను కొని ధనము వృథా చేయవద్దు.

అన్నిటికిని ఒకే లైను కావలెనన్నచో 6వ నంబరు, ముందు బరువు, తేలు, ట్రాపికల్ లైను కొనుడు. కొర్రమీను తప్ప మిగిలిన వాటికి ఇది సరిపోవును.

సాధన, సంరక్షణ

విసరుట నీటి కడనే నేర్వవలెనని లేదు. సంతోష్‌నగర్ వంటి బస్తీలలోనివారు గడ్డి గల మైదానమున, ముల్లు లేకుండ కొసకు ఉన్ని ముక్క కట్టి సాధన చేయవచ్చును. సిమెంటు నేలపై లాగినచో పూత అరిగిపోవును. సమీపమున సరూర్‌నగర్ చెరువు, పాతనగరపు పడమటి అంచున మీరాలం చెరువు కలవు గాని, నగరపు మురుగు కలియు చెరువులలోని చేపను తినుట క్షేమము కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల వద్ద అనుమతి లేనిదే గాలము వేయరాదు.

వాడిన పిదప లైనును మంచినీటితో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, నీడన ఆరనిచ్చి చుట్టవలెను. తేలు లైను కొస మునుగుట మొదలైనచో చాలవరకు అది మురికి వలననే. తుడిచిన మరల తేలును. పూత చిట్లి నీరు లోపలి నరమునకు దిగినచో మాత్రము ఆ భాగము కోసివేయవలెను. పెట్రోలు, కిరసనాయిలు, పురుగుమందులు, ఒంటికి పూసికొను దోమల మందు తగిలినచో ఈ పూత పాడగును. కావున లైనును పురుగుమందులున్న గదిలో ఉంచవద్దు. మందు చల్లిన చేతులతో ముట్టవద్దు.

సహకార సంఘములకు, గ్రామాధికారులకు

మన చెరువులలో గాలము వేయుట శాస్త్రముగా వ్రాయుటకు మొదట పూనుకొన్నవారిలో మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ ఒకడు. ఆయన 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అను గ్రంథమును, 1887లో కేవలము చెరువుల గాలము గురించి ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అను గ్రంథమును ప్రకటించెను. నాడు అది దొరల వినోదము. నేడు చెరువులోని చేప మత్స్యకారుల జీవనాధారము. గాలము వేయవచ్చినవాడు ముందుగా సంఘము అనుమతి పొందుట న్యాయము.

అనుమతి ఇచ్చు సంఘములు, కుంటల యజమానులు ఈ క్రింది నియమములు పెట్టుకొనుట మంచిది:

1. వచ్చినవాని లైను, కొస దారము చూచి గాని నీటికడకు పంపరాదు. ఫ్లై లైను కంటె బలమైన కొస దారము ఉన్నచో మార్పించవలెను.

2. ముల్లుకు గల ఎదురు ముల్లును పట్టుకారుతో నొక్కి వేయించవలెను. చేప నోరు చీలకుండ ముల్లు సులువుగా వచ్చును. తెగిపోయినను చేప దానిని విదిలించుకొనగలదు.

3. తెగిన దారమును ప్రతివాడును జేబులో వేసికొని పోవలెను. గట్టున పారవేయరాదు.

4. వానకాలమున కొర్రమీనుకు గాలము వేయనీయరాదు.

ఈ నాల్గవ నియమమును కొంచెము వివరింపవలెను. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. వానలు పడగానే తుంగ నడుమ జాగా చేసికొని గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఎర్రని గుంపుగా నీటిమీద కదలాడుచుండగా తల్లిదండ్రులు క్రింద కావలి కాయుచుండును. ఆ సమయమున గుంపు దాపునకు వచ్చిన దేనినైనను తల్లిచేప కోపముతో కరచును. ఎర పడిన మరుక్షణమే పట్టుబడును గనుక నేర్చినవానికి అది సులువైన వేట. కాని కావలి చేప పోయిన తరువాత ఆ పిల్లల గుంపు పరిగెలకు, జల్లలకు, నీటిపాములకు మేతయగును. ఒక్క చేపను పట్టి ఒక కాన్పునంతయు పోగొట్టుకొనుట ఏ రైతునకు సమ్మతము? మృగశిర కార్తెకు కొర్రమీను ధర ఎంత పెరిగినను, ఎర్రని పిల్లల గుంపు కనబడిన చోట గాలము ఎత్తి పక్కకు తొలగవలెను.

రైతు సోదరులారా! చెప్పినదానిని నాలుగు మాటలలో జ్ఞాపకముంచుకొనుడు. నంబరు కర్రను బట్టి, తేలుట మునుగుట చేప మేయు పొరను బట్టి, వాలు గాలిని బట్టి, పూత మన ఎండను బట్టి ఎంచుకొనుడు. ఎల్లప్పుడును ముల్లు దగ్గరి దారమే మొదట తెగునట్లు కట్టుడు. దారము కొనుటకు ముందు ఒక పూట చెరువు గట్టున కూర్చుండి, మీ చేప పైన మేయుచున్నదో, అడుగున మేయుచున్నదో కనిపెట్టుడు. ఆ పూట వృథా కాదు.